సింగపూర్ జీతం, భోగాపురం స్థలం: మొదటి ఏడాది డబ్బు ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: మాది గాజువాక. వయసు 32. రుషికొండలో ఐటీ ఉద్యోగం మానేసి ఆగస్టు మొదటి వారంలో సింగపూర్‌లో కొత్త ఉద్యోగంలో చేరాను. జీతం నెలకు 7,500 సింగపూర్ డాలర్లు. గది అద్దె, తిండి, ప్రయాణాలకు 1,800 అవుతోంది. అమ్మానాన్నలకు నెలకు 30,000 రూపాయలు, అంటే సుమారు 450 డాలర్లు, నా పాత సేవింగ్స్ ఖాతా నుంచే ఇస్తున్నాను. ఇప్పటికి 8,000 డాలర్లు దాచాను. సంక్రాంతి అయ్యాక నా భార్య, నాలుగేళ్ల పాప వస్తారు. అప్పుడు ఫ్లాట్ అద్దె 3,000, ఇంటి ఖర్చు 1,300, పాప ప్రీస్కూల్‌కి 1,000 అవుతాయని లెక్క వేసుకున్నాను. ఈలోపు భోగాపురం దగ్గర 200 గజాల స్థలం 30 లక్షలకు ఉందని, దీపావళిలోపు 6 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేయమని మావయ్య రోజూ ఫోన్ చేస్తున్నారు. మిగతాది లోన్ తీసుకుంటే నెలకు 45,000 కట్టాలి. నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. పాత కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆయన, అమ్మ ఉండేవారు. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, అన్నీ ఒకేసారి మీద పడి టెన్షన్‌గా ఉంది. ఏది ముందు చేయాలి?

జవాబు: దీపావళికి అడ్వాన్స్ ఇవ్వకండి. మావయ్యగారు మీ మంచి కోరే చెబుతున్నారు, భోగాపురం వైపు ధరలు పెరుగుతాయన్న ఆయన నమ్మకాన్ని నేను కాదనడం లేదు. నా అభ్యంతరం స్థలం మీద కాదు. ఆ డబ్బు ఇంకా పూర్తిగా మీది కాలేదు.

విశాఖలో మీ జీతం పీఎఫ్, టీడీఎస్ పోయాకే చేతికొచ్చేది. సింగపూర్‌లో 7,500 అంటే దాదాపు మొత్తం ఖాతాలో పడుతోంది. అక్కడ మన పీఎఫ్‌కి సమానమైన సీపీఎఫ్ సింగపూర్ పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రమే ఉంటుంది. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీ ఉద్యోగులకు ఇచ్చే అనుమతి) మీద వెళ్లిన మీకు ఉండదు. అంటే మీ రిటైర్‌మెంట్ కోసం అక్కడ ఎవరూ ఒక్క డాలర్ కూడా పక్కన పెట్టడం లేదు. ఆదాయపు పన్నును కూడా నెలనెలా జీతంలో కోయరు. జనవరి నుంచి డిసెంబరు దాకా వచ్చిన ఆదాయానికి మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రిటర్న్ వేస్తే, ఆ తర్వాత బిల్లు వస్తుంది. ఏడాదికి 90,000 డాలర్ల జీతం మీద పన్ను లెక్కలో రెసిడెంట్‌గా (ఏడాదిలో కనీసం 183 రోజులు అక్కడ ఉన్నవారిగా) మీకు పడే పన్ను సుమారు 4,400. వడ్డీ లేకుండా 12 వాయిదాల దాకా కట్టే సదుపాయం ఉంది. అయినా ఇప్పటి నుంచే నెలకు 400 వేరే ఖాతాలో వేయండి. మీరు దాచిన 8,000లో రెండు నెలల పన్ను భాగం 800 ఉంది, దాన్ని ముట్టుకోకండి.

మొదటి ఏడాదికి మాత్రమే ఉండే చిక్కు ఒకటి ఉంది. ఆగస్టు నుంచి డిసెంబరు వరకు మీరు అక్కడ ఉండేది 183 రోజుల కంటే తక్కువ. ఉద్యోగం వచ్చే ఏడాదిలోకి ఆగకుండా సాగి, రెండేళ్లవీ కలిపి 183 రోజులు దాటితే మిమ్మల్ని రెండేళ్లకూ రెసిడెంట్‌గానే చూస్తారు. అప్పుడు ఈ ఐదు నెలల 37,500 డాలర్లకు పన్ను 430 లోపే. ఏ కారణం చేతనైనా డిసెంబరులోనే ఉద్యోగం వదిలి వచ్చేయాల్సి వస్తే నాన్ రెసిడెంట్ లెక్కలో 15 శాతం, అంటే 5,625 డాలర్లు. విదేశీ ఉద్యోగి మానేస్తే పన్ను తేలేవరకు కంపెనీ చివరి జీతాన్ని ఆపి ఉంచాలని అక్కడి నిబంధన. జీతం ఆగిన నెలలోనే చేతికి డబ్బు రాకపోవచ్చన్నమాట.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీరు కొత్త ఉద్యోగంలో ఉన్నారు, ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదనుకుంటాను. మీ పాస్ ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది. ఉద్యోగం పోయి పాస్ రద్దయితే సాధారణంగా 30 రోజులే ఉండనిస్తారు. ఆ 30 రోజుల్లో వేరే ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా ఇల్లు ఖాళీ చేసి కుటుంబంతో తిరిగి రావాలి. మీ భార్య డిపెండెంట్ పాస్ మీద వస్తారు. దానికి కావాల్సిన 6,000 డాలర్ల జీతం మీకు ఉంది. కానీ ఆ పాస్‌తో ఉద్యోగం చేయలేరు. 2021 మే నుంచి డిపెండెంట్లు కూడా సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాల్సిందే. కాబట్టి రెండో జీతాన్ని ఇప్పుడే లెక్కలో వేసుకోకండి.

ఇక మీ అంకెలు. ఒంటరిగా ఉన్నన్నాళ్లూ ఖర్చులు, ఇంటికిచ్చేది, పన్ను భాగం పోగా నెలకు 4,850 మిగులుతుంది. కుటుంబం వచ్చాక ఖర్చు 6,150 అవుతుంది, మిగిలేది 1,350 మాత్రమే. అంటే సంక్రాంతి దాకా ఉన్న ఈ నాలుగు నెలలే మీకు బాగా మిగిలే కాలం, మళ్లీ ఇంత మిగులు ఎప్పటికి వస్తుందో చెప్పలేం. జనవరి చివరికి మీ దగ్గర 26,000 పైనే ఉండాలి. అందులో ఫ్లాట్‌కి ఏడాది అగ్రిమెంట్ అయితే ఒక నెల డిపాజిట్, మొదటి నెల అద్దె, మొత్తం అద్దెలో 0.4 శాతం స్టాంప్ డ్యూటీ కలిపి 6,144 పోతుంది. టికెట్లు, పరుపులు, వంట సామాన్లకు ఇంకో 2,500 అనుకుందాం. దాదాపు 18,000 మిగులుతుంది. అది మూడు నెలల ఖర్చు. నాలుగు నెలల ఖర్చు, అందరి తిరుగు టికెట్లు కలిపి 25,000 ఉంటే మీరు నిశ్చింతగా పనిచేసుకోవచ్చు. నెలకు 1,350 చొప్పున ఆ తేడా వచ్చే జులై, ఆగస్టు నాటికి పూడుతుంది.

ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చి, నవంబరు నుంచి లోన్ కట్టడం మొదలుపెడితే? 6 లక్షలంటే సుమారు 9,000 డాలర్లు, మీ దగ్గర ఉన్నదానికంటే ఎక్కువే. జనవరి చివరికి మీ చేతిలో దాదాపు 7,000 ఉంటుంది, ఆ తర్వాత నెలకు మిగిలేది 675. భార్యను, పాపను కొత్త దేశానికి తీసుకెళ్లి ఇంచుమించు ఒక్క నెల ఖర్చుతో నెట్టుకురావడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

స్థలం గురించి ఇంకో ముఖ్యమైన విషయం. ఉద్యోగం కోసం దేశం విడిచిన రోజు నుంచి ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) ప్రకారం మీరు ఎన్నారై. ఎన్నారైలు ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనవచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. ఆ 200 గజాలు కాగితాల మీద ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటే, 'కన్వర్షన్ తర్వాత అయిపోతుంది' అనే మాట మీద మీరు సంతకం పెట్టకూడదు. భార్య ఇక్కడే ఉంది కదా, ఆమె పేరున రాయిద్దాం అని ఎవరైనా అనవచ్చు. డబ్బు మాత్రం మీ అత్యవసర నిధి లోంచే పోతుంది కాబట్టి నా సమాధానం మారదు. మావయ్యగారిని వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదం ఉన్న లేఅవుట్ ప్లాన్, ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదన్న రుజువు పంపమనండి. అవన్నీ సరిగ్గా ఉంటే వచ్చే ఆగస్టు తర్వాత మళ్లీ మాట్లాడదాం. రిజిస్ట్రేషన్‌కి మీరు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత హైకమిషన్‌లో ధ్రువీకరించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో దానికి స్టాంప్ వేయించాలి. ఆ ఒక్క కొనుగోలుకే పరిమితం చేసి రాయించండి.

పాత సేవింగ్స్ ఖాతా నుంచి ఇస్తున్నానన్నారు. అది సరిదిద్దాలి. ఎన్నారై అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతా నడపకూడదు. దాన్ని ఎన్ఆర్ఓగా మార్పించి, సింగపూర్ నుంచి పంపే డబ్బు కోసం ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. ఎన్ఆర్ఈ మీద వచ్చే వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అసలు, వడ్డీ ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లవచ్చు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతానికి పైగా టీడీఎస్ కోస్తారు, అందుకే ఇక్కడి ఆదాయానికి మాత్రమే దాన్ని వాడండి. అమ్మానాన్నలకు పంపే చిన్న మొత్తాలకు 2023 ఫిబ్రవరిలో మొదలైన పేనౌ (సింగపూర్‌లో మన యూపీఐ లాంటిది), యూపీఐ అనుసంధానం ఉంది, మీ బ్యాంకుకు ఆ సౌకర్యం ఉందేమో చూడండి. సిప్‌లు ఉంటే కేవైసీలో ఎన్నారై అని మార్పించండి. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా కొనసాగించవచ్చు, ఆపై పొడిగించలేరు.

భారత పన్ను విషయంలో కంగారు వద్దు. ఏప్రిల్ నుంచి మీరు విమానం ఎక్కేదాకా దాదాపు 125 రోజులు ఇక్కడున్నారు. సంక్రాంతికి రెండు వారాలు వచ్చినా 182 దాటదు. కాబట్టి సింగపూర్ జీతం మీద ఇక్కడ పన్ను పడదు. ఏప్రిల్ నుంచి జులై వరకు రుషికొండలో వచ్చిన జీతానికి మాత్రం రిటర్న్ వేయాలి.

మీరు వేసిన ఇంటి ఖర్చు 1,300 ఒకసారి మళ్లీ చూసుకోండి. విశాఖలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏసీ జోలికి పోం. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఎగువన ఉంది, అక్కడ చలికాలమే లేదు. పాప వచ్చాక ఏసీ రాత్రంతా నడుస్తుంది, పైగా మూడు నెలలకోసారి ఏసీ సర్వీసింగ్ ఖర్చును అగ్రిమెంట్లలో సాధారణంగా అద్దెకున్నవారి మీదే రాస్తారు. కూరగాయలు ఎక్కువగా లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్ నుంచి తెచ్చుకుంటే కొంత కలిసొస్తుంది. రెండేళ్ల అగ్రిమెంట్ అయితే డిప్లొమాటిక్ క్లాజ్ లేకుండా సంతకం పెట్టకండి. అది ఉంటే ఉద్యోగం పోయినప్పుడు ఏడాది తర్వాత రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయవచ్చు. వైద్యం కూడా కంపెనీని ఇప్పుడే అడగండి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో విదేశీయులకు రాయితీ లేదు, ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఉద్యోగికి వైద్య బీమా ఇవ్వాలన్న నిబంధన కంపెనీకీ లేదు. మీ పాలసీలో భార్య, పాప చేరతారో లేదో వాళ్లు విమానం ఎక్కకముందే తెలియాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది నాన్నగారి ఇన్సూరెన్స్. మీరు రాజీనామా చేయడంతో పాత గ్రూప్ పాలసీ రక్షణ పోయి ఉంటుంది. అంటే 63 ఏళ్ల షుగర్ మనిషికి ఈరోజు ఏ బీమా లేనట్టే. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో ఈ వారమే అడగండి. దొరికితే ఇప్పటికే గడిచిన వెయిటింగ్ కాలం (పాత జబ్బులకు బీమా డబ్బు ఇవ్వని మొదటి కొన్నేళ్లు) లెక్కలోకి వస్తుంది. గడువు దాటిపోయిందంటే అమ్మకూ ఆయనకూ కలిపి కొత్త పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ ఇప్పుడు గరిష్ఠంగా 3 ఏళ్లే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. ప్రపోజల్ ఫారంలో షుగర్, బీపీ ఎన్నేళ్లుగా ఉన్నాయో, ఏ మందులు వాడుతున్నారో ఉన్నదున్నట్టు రాయించండి. ఏజెంట్ వద్దన్నా సరే రాయించండి. మొదటి ప్రీమియం ఆ 8,000లోంచే కట్టేయండి.