సమాధానం: ముంపు గ్రామాల సర్వేకు లాప్‌టాప్‌లు, నెట్‌వర్క్

నమస్కారమండీ. చింతూరు, కూనవరం వైపు ముంపు గ్రామాల సర్వేకు ఆరు బృందాలు వెళ్తున్నాయని, బృందానికొక కొత్త లాప్‌టాప్, 5జీ డాంగిల్ కొనమంటారా అని అడిగారు. రెండూ వద్దంటాను.

ఇంటింటి వివరాలు ఫోన్లలోనే నింపండి. కోబో టూల్‌బాక్స్‌లో (సర్వే ఫారాలు ఫోన్లో నింపే సాధనం) ఫారాన్ని బయలుదేరే ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పని ఆగదు. నింపినవన్నీ ఫోన్లోనే ఉంటాయి, నెట్ అందాక పంపొచ్చు. అప్పుడు బస దగ్గర రెండు లాప్‌టాప్‌లు చాలు. వాడినవే తీసుకోండి. నా ఓటు థింక్‌ప్యాడ్ టీ480కి: వెనక బ్యాటరీని యంత్రం ఆపకుండానే మార్చుకోవచ్చు, టైప్-సి ఛార్జరు సరిపోతుంది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) తప్పనిసరి. పాత హార్డ్ డిస్క్‌ను జీపులో తిప్పి మూడో రోజుకే పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను!

అసలు చిక్కు నెట్‌వర్క్‌తోనే. ఒకే కంపెనీ సిమ్ మీద ఆధారపడకండి, ఫోనుకు రెండు వేర్వేరు సిమ్‌లు వేయండి. బీఎస్ఎన్ఎల్ 4జీ బాగా అందాలంటే ఫోనుకు 700 మెగాహెర్ట్‌జ్ తరంగాలు, అంటే బ్యాండ్ 28 అందుకునే వీలుండాలి. చవక ఫోన్లు కొన్నింటిలో అది ఉండదు, కొనేముందే చూడండి. టవర్ అందినా లోపలికి సిగ్నల్ రాకపోతే ఫోనును డాబా మీద పెట్టి హాట్‌స్పాట్ ఇవ్వండి. ఒక ముఖ్య విషయం: విండోస్‌లో ఆ కనెక్షన్‌ను 'మీటర్డ్'గా (డేటా పరిమితంగా ఉన్నదిగా) మార్చండి, లేదంటే అప్‌డేట్‌లే డేటా మింగేస్తాయి.

బస దగ్గర కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో చెబితే పవర్ బ్యాంకుల లెక్క వేద్దాం.