అమెరికాలో స్టూడెంట్ డాక్యుమెంటరీకి టీవీ మ్యాచ్ క్లిప్పులు వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, నేను వాడాను. ముందు ఒక పని చేయండి. 30 సెకన్ల లోపైతే ఫర్వాలేదని మీకెవరైనా చెప్పి ఉంటే ఆ మాట మర్చిపోండి. అనుమతి లేకుండా కొంత వాడుకోవడానికి వీలిచ్చే "ఫెయిర్ యూజ్" ఉన్నది అమెరికా 1976 కాపీరైట్ చట్టం సెక్షన్ 107లో, అది మొత్తం చదివినా అలాంటి సెకన్ల లెక్క దొరకదు. ఎంత వాడారన్నది కోర్టు చూస్తుంది, నిజమే. దానికంటే ముందు ఎందుకు వాడారని అడుగుతుంది.

అక్కడ మాస్టర్స్ చేస్తున్నప్పుడు బాస్కెట్‌బాల్ రిఫరీల మీద 15 నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. మొదటి కట్‌లో ఒక మ్యాచ్ చివరి 40 సెకన్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టేశాను. కామెంటరీ, జనం కేకలు, రీప్లే అన్నీ. క్లాసులో వేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. మా ప్రొఫెసర్ లైట్లు వేయించి, "ఈ చప్పట్లు నీకా, ఆ టీవీ కెమెరామన్‌కా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆ 40 సెకన్లలో నేను చేసిన పని ఒక్కటీ లేదు మరి.

ఆ రాత్రే ఎడిటింగ్ రూమ్‌లో కూర్చుని మళ్లీ కట్ చేశాను. కామెంటరీ తీసేశాను. బంతి అందుకున్నాక ఆటగాడు వేసిన అడుగులు మాత్రం ఉంచాను, 6 సెకన్లు. కాలు నేలకు ఆనిన చోట ఫ్రేమ్ ఆపి, నేను ఇంటర్వ్యూ చేసిన రిటైర్డ్ రిఫరీ గొంతు దాని మీద వేశాను. "రిఫరీ ఇటువైపు ఉన్నాడు, అతనికి ఈ కాలు కనబడదు, అందుకే విజిల్ వేయలేదు" అంటాడాయన. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలోంచి ఒకమ్మాయి "ఇంకోసారి వేస్తారా" అంది.

అసలు ఆట ఎవరి సొత్తూ కాదు. 1997లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకీ మోటొరోలా కంపెనీకీ నడిచిన కేసులో అప్పీలు కోర్టు చెప్పిందీ అదే, కాపీరైట్ ఉండేది ప్రసారానికి. ముహమ్మద్ అలీ మీద టర్నర్ సంస్థ తీసిన టీవీ డాక్యుమెంటరీలో ఇంకొకరి సినిమా ఫుటేజీ ఉందని 1996లో కేసు వేస్తే, న్యూయార్క్ ఫెడరల్ కోర్టు దాని ప్రసారం ఆపడానికి ఒప్పుకోలేదు. ఇండియాలో తీస్తుంటే మాత్రం ఇవేవీ చెల్లవు. ఇక్కడి కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కింద ఫెయిర్ డీలింగ్ అనే ఇలాంటి మినహాయింపే ఉంది, దాని పరిధి ఇంకా ఇరుకు.

"కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని చివర్లో ఒక లైను పెడతారు చూడండి, అది చూస్తే నాకు బాధేస్తుంది. దానివల్ల ఏ రక్షణా రాదు. స్టూడెంట్ అన్న మాట ఒక్కటే సరిపోదు కూడా. క్లాసు దాటి ఫెస్టివల్‌కో ఇంటర్నెట్‌కో వెళ్తే అడిగేవాళ్లు అడుగుతారు.

నన్నూ అడిగారు. అప్‌లోడ్ చేసిన రోజే వీడియో బ్లాక్ అయింది. కాపీలు పట్టుకోవడానికి వీడియో సైట్ పెట్టుకున్న ఆ మెషీన్ బొమ్మకి బొమ్మ కలిసిందా అనే చూస్తుంది, దాని మీద రిఫరీ ఏం చెబుతున్నాడో దానికి తెలియదు. రెండు రోజులు టెన్షన్ పడి అభ్యంతరం పంపాను. మూడు వారాలకి క్లెయిమ్ తీసేశారు. అందులో నేను రాసింది చిన్న మాటే. ఆ 6 సెకన్లు తీసేస్తే ఆ పెద్దాయన ఏ కాలు గురించి మాట్లాడుతున్నాడో చూసేవాళ్లకి అర్థం కాదని.