గోడ మీద గీసిన గూడు నిజమనిపించాలంటే

ప్రశ్న: హాలు గోడ మీద గూడు, అందులో మట్టి కూజా ఉన్నట్టు బొమ్మ వేశాం. కూజా బాగానే కుదిరింది కానీ, మొత్తం మీద కాగితం అంటించినట్టుంది. లోపం ఎక్కడ?

జవాబు: ఇలాంటప్పుడు లోపం చాలావరకు కూజాలో ఉండదు. బొమ్మకూ గదికీ పొత్తు కుదరకపోవడమే కారణం. ముందుగా కంటి ఎత్తు చూసుకోండి. గదిలో ఎక్కువగా కూర్చుంటారంటే నేల నుంచి సుమారు 120 సెం.మీ., నడిచిపోయే వరండా అయితే 150–155 సెం.మీ. ఎత్తున సుద్ద దారంతో అడ్డగీత కొట్టండి. గూటి అడుగు ఆ గీతకు కిందుంటేనే అడుగు పలక పైభాగం కనబడాలి. గీతకు పైనుంటే అసలు కనబడకూడదు. కూజా మూతి సరిగ్గా గీత మీదికొస్తే అది సన్నటి అడ్డగీతే. కిందికి దిగేకొద్దీ కోలగా విచ్చుకుంటుంది. కంటికంటే ఎత్తున్న కూజాకు లోపలి భాగం కనబడేలా మూతి గీస్తే, ఎంత మెరుపు దిద్దినా కన్ను ఒప్పుకోదు.

తర్వాత వెలుగు. గదిలో అసలు కిటికీ గూటికి ఎడమవైపు ఉందనుకోండి. గూటి లోపలి ఎడమ గోడ నీడలో, కుడి గోడ వెలుగులో ఉండాలి. చాలామంది దీన్నే తిరగేస్తారు. అప్పుడు గూడు లోపలికి పోదు, పెట్టెలా ముందుకు పొడుచుకొస్తుంది. కూజా నీడ కుడివైపు పడాలి. అడుగు తాకే చోట చిక్కగా, అంచు పదునుగా మొదలై, దూరం పోయేకొద్దీ పలచబడి చెదిరిపోవాలి. నీడకు నల్లరంగు వద్దు, మసి పూసినట్టుంటుంది. గోడ రంగులోనే బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం) కొద్దికొద్దిగా కలిపి, అక్రిలిక్ గ్లేజింగ్ మీడియంతో (రంగును పారదర్శకంగా పలచబరిచే ద్రవం) పలచన చేసి 3–4 పూతలు వేయండి. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకొకటి. సగం ఆరినదాని మీద కుంచె ఆడిస్తే కింది రంగు లేచొస్తుంది.

గూటి లోతు 10–20 సెం.మీ. దాటినట్టు చూపించొద్దు. లోతు పెరిగేకొద్దీ పక్క నుంచి చూస్తే బొమ్మ వంకరపోతుంది. రోమ్‌లోని సాంట్ ఇగ్నాజియో చర్చి కప్పు మీద ఆండ్రియా పొజ్జో 17వ శతాబ్దం చివర్లో ఆకాశంలోకి లేచిన స్తంభాలు చిత్రించాడు. అవి నిజమనిపించాలంటే నేల మీద గుర్తుపెట్టిన చోటే నిలబడాలి. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ చూస్తాం కాబట్టి, దూరం పోయే బాట కంటే లోతు తక్కువ గూడే మేలు.

ప్రశ్న: స్నానాలగది పక్క గోడకు వేసిన చిత్రం ఆరు నెలలకే కింది భాగంలో ఉబ్బి, తెల్లపొడి రాలుతోంది. మళ్లీ రంగు వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గోడలోని చెమ్మ ఉప్పును మోసుకొచ్చి రంగు పొర వెనక వదులుతోంది. అదే పొరను తోసేస్తోంది. అక్కడ 45 సెం.మీ. చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు ఆగండి. షీటు వెనక నీటిచుక్కలు కడితే తేమ గోడలోదే. ముందు ఆ నీటి దారి మూయాలి. ఉబ్బిన రంగు గీకి, ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపండి. తడిపితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గోడ ఆరాక క్షారాన్ని తట్టుకునే ప్రైమర్, ఆపైన లప్పం, 220 నంబరు ఎమెరీ కాగితం, మళ్లీ ప్రైమర్. కొత్త సిమెంటు పూత అయితే కనీసం 28 రోజులు ఆగాలి.

ప్రశ్న: ఆకాశం వేస్తే పట్టీలు పట్టీలుగా వస్తోంది. ఎందుకు?

జవాబు: అక్రిలిక్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి. పైన ముదురు, నడుమ మధ్యస్థం, కింద లేత నీలం మూడు డబ్బాల్లో ముందే కలుపుకోండి. 3 × 2.5 మీటర్ల గోడకు రెండు పూతలకు మొత్తం 2 లీటర్లు ఉంచుకోవాలి. ఆరాక రంగు కాస్త ముదురుతుంది, మధ్యలో మళ్లీ కలిపితే కలవదు. ఫ్యాను ఆపేసి, ఒకరు పూస్తుంటే ఇంకొకరు తడి అంచులను పొడి కుంచెతో కలుపుతూ పోవాలి.

ప్రశ్న: పైన వార్నిష్ మెరిసేదా, మెరవనిదా?

జవాబు: మెరవనిదే. మెరిసే పొర మీద బల్బు వెలుగు పడగానే గోడ బయటపడిపోతుంది. అయితే మ్యాట్ వార్నిష్‌లో మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుంటుంది. పుల్లతో నిదానంగా కలపండి, ఊపితే బుడగలొస్తాయి. చిత్రం వారం రోజులు ఆరాక పలచగా రెండు పూతలు వేయండి. మందంగా వేస్తే ముదురు రంగుల మీద తెల్లటి మబ్బు కమ్ముతుంది.