ఆకాశపు ఇంగ్లిషు మాటలు నేర్చుకుంటున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఖగోళశాస్త్రం ఇంగ్లిషులో చదవడం మొదలుపెట్టావనీ, మాటలకు నోరు తిరగక, తిరిగినా గుర్తుండక విసుగొస్తోందనీ రాశావు. నువ్వు పంపిన పట్టిక చూశాను. వంద మాటలు అక్షరక్రమంలో, పక్కన తెలుగు అర్థాలు. దాన్ని కొంతకాలం పక్కన పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం. సైన్సు పుస్తకాలు తెలుగులోకి తేవడంలో ముప్పై ఏళ్లు గడిపాను. అలాంటి పట్టికలు నేనూ రాసుకున్నాను, ఏదీ నెల దాటి నిలవలేదు.

మాటను ముందు విప్పి చూడు. ప్లానెట్ అంటే గ్రీకులో తిరుగాడేది. చుక్కలన్నీ ఒకదానికొకటి ఎడం మారకుండా ఉంటే, కొన్ని మాత్రం వాటి మధ్య చోటు మారుతూ పోతాయి. ఆ పేరు పెట్టినవాళ్లు చూసింది అదే. కామెట్ అంటే జుట్టు విరబోసుకున్నది. వాళ్లకు జుట్టులా కనిపించింది మనవాళ్లకు తోకలా కనిపించింది, అందుకే తోకచుక్క అన్నారు. గెలాక్సీలో గ్రీకు పాలు ఉన్నాయి, మన పాలపుంతలోనూ ఉన్నాయి. నెబ్యులా, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం, లాటిన్‌లో పొగమంచు; దాని తెలుగు పేరు నీహారికలోని నీహారమూ మంచే. ఇలా రెండు భాషలూ ఒకే దృశ్యం మీద కలిసిన చోట మాట మనసులో పాతుకుపోతుంది. శాటిలైట్ అంటే వెంట ఉండే పరిచారకుడు. 1610లో గెలీలియో గురుగ్రహం దగ్గర నాలుగు చంద్రుల్ని చూస్తే, మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ వాటికి ఆ మాట వాడాడు.

అయితే ఒక జాగ్రత్త. మాట లోపలి అర్థం మొదట చూసినవాళ్లకు ఏం కనిపించిందో చెబుతుంది, ఆ వస్తువు నిజంగా ఏమిటో చెప్పదు. ఆస్టరాయిడ్ అంటే నక్షత్రంలాంటిది. 1802లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఆ పేరు వాడటానికి కారణం, దూరదర్శినిలోనూ అవి చుక్కలాగే కనబడటం. నిజానికి అవి సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్లు. ఇక్కడ తెలుగు మాట గ్రహశకలమే నయం. ప్లానెటరీ నెబ్యులా కూడా ఆయన చలవే. గుండ్రటి బిళ్లలా, గ్రహాన్ని తలపించేలా కనబడిందని ఆ పేరు. గ్రహాలతో దానికి ఏ సంబంధమూ లేదు. సూర్యుడిలాంటి నక్షత్రం చివరి దశలో వదిలిన వాయువు అది. తొలిరోజుల్లో నేను మాటను నమ్మి ‘గ్రహాలు పుట్టే నీహారిక’ అని అనువదించాను. అచ్చయిపోయింది. మలిముద్రణలో దిద్దాను గానీ, మొదటిది చదివిన పిల్లల దగ్గరికి ఆ దిద్దుబాటు చేరలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ప్రతి మాట పక్కనా రెండు వాక్యాలు రాసుకో: ఎలా కనబడింది, నిజంగా ఏమిటి.

లైట్ ఇయర్ దగ్గర చాలామంది పొరబడతారు. ఇయర్ ఉంది కదా అని కాలం అనుకుంటారు. అది దూరం: కాంతి ఏడాదిలో నడిచే దూరం, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. రొటేషన్, రివల్యూషన్ తికమక పెడితే తెలుగును అడుగు. తన చుట్టూ తాను తిరగడం భ్రమణం, మరొకదాని చుట్టూ తిరగడం పరిభ్రమణం. ‘పరి’ అంటే చుట్టూ అని నీకు తెలుసు.

మనం ఉల్క అని ఊరుకునే చోట ఇంగ్లిషులో మూడు మాటలున్నాయి. అంతరిక్షంలో తిరిగే రాయి మీటియోరాయిడ్. గాలిలోకి దూసుకొచ్చి వెలిగే గీత మీటియోర్. నేలకు చేరి మిగిలిన ముక్క మీటియోరైట్. గ్రానైట్, బాక్సైట్ అన్నప్పుడు వినిపించే ‘ఐట్’ దాని చివర ఉంది చూడు, చేతికి అందే రాయి అని గుర్తుంటుంది.

నక్షత్రాల పేర్ల దగ్గర మాత్రం తొందరపడవద్దు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. వాటిలో చాలా పేర్లు అరబ్బీ నుంచి వచ్చాయి. ఆల్డెబరాన్ అంటే వెంట వచ్చేది. దేని వెంట? ప్లీయడీస్ వెంట. ప్లీయడీస్ మన కృత్తికలు, ఆల్డెబరాన్ మన రోహిణి. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి అని నువ్వు చిన్నప్పుడు గడగడా అప్పజెప్పిన వరుసలోనే ఆ అరబ్బీ అర్థం ఉంది! డెనెబోలా అంటే సింహం తోక, అది మన ఉత్తర ఫల్గుణి. ఆంటారెస్ గ్రీకు పేరు, అంగారకుడికి పోటీ అని అర్థం. మన జ్యేష్ఠ అదే, ఆ ఎరుపు చూస్తే పోటీ ఎందుకో తెలుస్తుంది. ఈ పేర్లు పుస్తకంలో చూసి నేర్చుకుంటే సగమే వస్తాయి.

డిసెంబరులో చీకటి పడ్డాక తూర్పు వైపు చూడు. చిన్న గుత్తిలా కృత్తికలు, వాటి కింద నారింజ రంగులో రోహిణి. అది సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నువ్వు చూసే ఆ వెలుగు బయలుదేరినప్పుడు నేను పలక మీద అక్షరాలు దిద్దుతున్నాను. చూసిన రాత్రే ఆ పేరు నీ చేత్తో రాసి, నాకు పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య