చేతిలో ఫోనుంది, డబ్బుల్లేవు: ప్రోడక్ట్ వీడియో ఎలా?

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ఓ మాత్రల డబ్బా తయారు చేశాం. టైముకి మూత తెరవకపోతే మోగుతుంది, పది నిమిషాలు గడిచినా తెరవకపోతే ఇంట్లోవాళ్ల ఫోనుకి మెసేజ్ వెళ్తుంది. ఉన్న డబ్బంతా డబ్బా తయారీకే అయిపోయింది, ఏజెన్సీ వాళ్లు చెప్పిన రేటు విని నోట మాట రాలేదు. చివరికి మేమే ఫోనుతో రెండున్నర నిమిషాల వీడియో తీశాం. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, బొమ్మ మీద నల్లటి పట్టీలు కదులుతున్నాయి, చూసినవాళ్లేమో 'బాగుంది' అని ఊరుకుంటున్నారు. మంచి కెమెరా అద్దెకు తెచ్చి మళ్లీ తియ్యమంటారా?

జవాబు: వద్దండీ, ఆ అద్దె డబ్బులు దాచుకోండి. మీరు చెప్పిన మూడు సమస్యల్లో ఒక్కదానికీ కెమెరా కారణం కాదు.

మీ వీడియో నేను చూడలేదు కానీ ఊహించగలను. ముందు లోగో గిరగిరా తిరుగుతూ వస్తుంది, తర్వాత మీలో ఒకరు గోడ ముందు నిలబడి 'నమస్కారం, మా కంపెనీ ఫలానా' అంటారు, అసలు డబ్బా కనిపించేసరికి అర నిమిషం గడిచిపోతుంది. కాదంటే సంతోషం. అవునంటే ఆ అర నిమిషాన్ని నిర్దాక్షిణ్యంగా కోసెయ్యండి. మీ కంపెనీ ఎలా పుట్టిందో వినే ఓపిక చూసేవాళ్లకి ఇంకా రాలేదు.

అసలు ముందు తేల్చుకోవాల్సింది ఈ వీడియో ఎవరి కోసమన్నది. మాత్రలు వేసుకునేది నాన్న, డబ్బా కొనేది మాత్రం వేరే చోట ఉద్యోగం చేస్తున్న కూతురు. కాబట్టి వీడియో ఆమెతో మాట్లాడాలి. బల్ల మీద డబ్బా మోగుతుంది, పక్క గదిలో పెద్దాయన టీవీలో మునిగిపోయి వినిపించుకోడు, ఆఫీసులో కూతురి ఫోను వెలుగుతుంది. "నాన్నా, మాత్ర వేసుకున్నావా?" "ఆఁ... అరే, లేదమ్మా!" ఆయన లేచి వస్తాడు, వేళ్లు మూత అంచు వెతుక్కుంటాయి, టక్ మని తెరుచుకుంటుంది. డబ్బా పేరు, ఎక్కడ దొరుకుతుందో చెప్పే ఒక్క లైను, అంతే. నలభై సెకన్లు దాటదు, వెనక నుంచి ఎవరూ వివరించక్కర్లేదు కూడా.

ఒక్క జాగ్రత్త. మెసేజ్ పది నిమిషాల తర్వాత వెళ్తుందన్నారు కదా, వీడియోలో వెంటనే వెళ్లినట్టు చూపించకండి, మధ్యలో గోడ గడియారం షాటు ఒకటి వేస్తే సరిపోతుంది. ఇంకోటి, మీ డబ్బాకి తెలిసేది మూత తెరిచారా లేదా అన్నదే, మాత్ర మింగారో లేదో దానికి తెలీదు. అందుకని 'ఇక మందులు మానేసే ప్రసక్తే లేదు' లాంటి మాటలు ఆరోగ్యానికి సంబంధించిన వస్తువు మీద అస్సలు రాయొద్దు. 'మూత తెరవకపోతే మీకు తెలుస్తుంది' అనండి, అది నిజం, అమ్మడానికీ అది చాలు.

తక్కువ ఖర్చు అనగానే అందరూ అమెరికాలో షేవింగ్ బ్లేడ్లు అమ్మే డాలర్ షేవ్ క్లబ్ వీడియో పేరెత్తుతారు. 2012లో సుమారు 4,500 డాలర్లతో తీశారు, మొదటి రెండు రోజుల్లోనే 12 వేల ఆర్డర్లు వచ్చాయి, అంతా నిజమే. కానీ అందులో కెమెరా ముందు నడుస్తూ జోకులేసిన ఆ కంపెనీ వ్యవస్థాపకుడు మైఖేల్ డూబిన్ ఏళ్ల తరబడి ఇంప్రొవైజేషన్ కామెడీ (స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు నవ్వించడం) నేర్చుకున్న మనిషి, ఆ ఖర్చు ఏ బిల్లులోనూ కనపడదు! మీలో అలాంటివాళ్లుంటే సరే, లేకపోతే ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ దారి పట్టండి. 2008లో వాళ్లు పెట్టింది కంప్యూటర్ తెర మీద తమ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూపించే మామూలు రికార్డింగే, వెనక కంపెనీ పెట్టిన డ్రూ హ్యూస్టన్ గొంతు వినిపిస్తుంది. బీటా (ప్రయోగాత్మక వెర్షన్) కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా దాంతో రాత్రికి రాత్రి 5 వేల నుంచి 75 వేలకి పెరిగిందని ఆయనే చెప్పాడు. అందులో నటన లేదు, వస్తువు పనిచేయడమే కనిపిస్తుంది.

ఇక ఆ నల్ల పట్టీలు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలీదు గానీ కెమెరా పట్టేస్తుంది. ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడు 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టండి (60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120). ఇదంతా తలనొప్పి అనుకుంటే గదిలో లైట్లన్నీ ఆర్పేసి పగటిపూట కిటికీ పక్కన తీసుకోండి, నా ఓటు దీనికే. వెలుగు ఒక పక్క నుంచి పడాలి, రెండో పక్క మరీ చీకటిగా ఉంటే తెల్ల చార్టు నిలబెట్టండి. తీసేముందు లెన్సు తుడవండి, తెర మీద వేలు అదిమిపెట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చెయ్యండి, లేకపోతే మనిషి కదిలిన ప్రతిసారీ వెలుగు ఎగిరెగిరి పడుతుంది.

డబ్బు ఖర్చు పెట్టి తీరాలంటే కాలరుకి తగిలించే చిన్న మైకు మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట అర్థం కాకపోతే మాత్రం వేలు పైకి తోసేస్తుంది. మీ గొంతు అలా రావడానికి కారణం ఖాళీ గది, ఫోనేమో దూరంగా ఉంది. పరుపు, కర్టెన్లు, బట్టలు ఉన్న పడగ్గదికి మారండి, మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. మూత తెరుచుకునే టక్, అలారం, ఈ రెండు శబ్దాల్నీ ఫోను పక్కనే పెట్టి విడిగా రికార్డు చేసి ఎడిటింగ్‌లో కలపండి, వస్తువు గట్టిదా చవకదా అన్నది సగం ఆ టక్ చెప్పేస్తుంది. ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది నిశ్శబ్దం కూడా తీసి ఉంచుకోండి, కట్ దగ్గర అతుకులు కప్పడానికి పనికొస్తుంది.

ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ బోలెడు. డబ్బు కట్టే వెర్షన్‌లోని ఎఫెక్టుల జోలికి పోకపోతే వాటర్‌మార్కు పడదు. కంప్యూటర్ పాతదైతే షాట్‌కట్ చూడండి.

పూర్తయ్యాక మీ ప్రోడక్ట్ గురించి ఏమీ తెలియని మనిషికి ఒక్కసారి చూపించి, బాగుందా అని కాకుండా "ఇదేం చేస్తుంది?" అని అడగండి. 'మందుల టైము గుర్తుచేసే యాప్' అన్నారనుకోండి, కూతురి ఫోను వెలిగే షాటు సరిగ్గా పడలేదన్నమాట. ఆ ఒక్కటీ మళ్లీ తీస్తే చాలు.

ప్రశ్న: సినిమా పాట పది సెకన్లే వాడితే ఇబ్బంది ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదు. ఇన్ని సెకన్ల వరకు ఉచితం అనే రూలేదీ లేదు, పైగా మీది వ్యాపార ప్రకటన. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో వెతకండి, కొన్ని ట్రాకులకి క్రెడిట్ ఇవ్వమంటారు, అది చూసుకోండి. క్రియేటివ్ కామన్స్ (షరతులతో వాడుకోనిచ్చే లైసెన్సు) సంగీతం అయితే లైసెన్సులో 'నాన్ కమర్షియల్' అని ఉంటే ముట్టుకోవద్దు.

ప్రశ్న: నిలువుగా తియ్యాలా, అడ్డంగానా?

జవాబు: ఎక్కడ పెడతారో దాన్నిబట్టి. రీల్స్, షార్ట్స్ అయితే నిలువు, వెబ్‌సైట్లో అయితే అడ్డం. రెండూ కావాలంటే ముఖ్యమైన షాట్లు రెండుసార్లు తీసుకోండి, అడ్డంగా తీసినదాన్ని కత్తిరిస్తే డబ్బా ఉంటే చెయ్యి ఉండదు, చెయ్యి ఉంటే డబ్బా ఉండదు. సౌండ్ ఆపేసి చూసేవాళ్లూ ఉంటారు కాబట్టి మాటలు తెర మీద అక్షరాల్లో వెయ్యండి. నిలువు వీడియోలో మాత్రం మరీ కిందకి పెట్టకండి, లైక్ బటన్లు, పేర్లు వచ్చి వాటిని కప్పేస్తాయి.