స్కూలు ఆటల్లో పిల్లాడికి పదేపదే కాలు బెణుకుతుంటే ఏం చేయాలి?

ఏడో తరగతి బాబుకి కబడ్డీలో రెండుసార్లు చీలమండ బెణికిందని, ఆటలు మాన్పించాలా అని అడిగారు. మాన్పించకండి. మొదటి బెణుకు పూర్తిగా తగ్గకముందే మళ్లీ ఆటకి దిగడం వల్లే చాలాసార్లు ఇలా అవుతుంది. నొప్పి పోతే చాలదు. ఆ ఒంటికాలి మీద తూలకుండా నిలబడి, నొప్పి లేకుండా గెంతగలిగితేనే పంపండి.

బెణకగానే బామ్ రాసి గట్టిగా మర్దనా చేసేస్తాం. దయచేసి అది వద్దు. ఐస్‌ని గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. ఎదిగే పిల్లల్లో ఎముక చివర్లు ఇంకా గట్టిపడవు కాబట్టి, బెణుకనుకున్నది అక్కడి పగులే కావచ్చు.

హైదరాబాద్‌లో ఎన్నో స్కూళ్లలో మట్టి నేలే లేదు, పిల్లలు సిమెంటు మీదే పడి లేస్తున్నారు. చూస్తే బాధేస్తుంది. కబడ్డీ మాత్రం మట్టి మీదో, మ్యాట్ మీదో ఆడించమని పీటీ సార్‌ని గట్టిగా అడగండి. పది నిమిషాల వార్మప్ కూడా.

తలకి దెబ్బ తగిలితే మాత్రం ఆ రోజుకి ఆట బంద్. వాంతులు, మగత, మాట తడబాటు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.