ఆప్టిక్ డిస్క్ పిట్ ఉంటే రెటీనాలో నీరు ఎందుకు చేరుతుంది?
పర్లాకిమిడి నుంచి అడిగారు: తమ్ముడికి 30 ఏళ్లు, ఒక కంటికి ఆప్టిక్ డిస్క్ పిట్ అన్నారు, ఫోన్ చూడటం వల్లేనా అని.

కాదండీ. కంటినరం మొదలయ్యే చోట పుట్టుకతోనే ఉండే చిన్న గుంట అది. సుమారు 11 వేల మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. కొందరికి పెద్దయ్యాక ఆ గుంట దారిన నీరు రెటీనా (కంటి లోపల వెనుక ఉండే తెర) పొరల్లోకి చేరి, సూటిచూపునిచ్చే మాక్యులా ఉబ్బుతుంది. అప్పుడు కిటికీ ఊచలు వంగినట్టు, చదివే అక్షరం మీదే మసక పడ్డట్టు ఉంటుంది. ఆ నీరు కంటి లోపల నిండి ఉండే జెల్లీ లాంటి విట్రియస్‌దా, మెదడు చుట్టూ ఉండే ద్రవమా అన్నది డాక్టర్లకే ఇంకా తేలలేదు.

కళ్లజోడు మారిస్తే తగ్గదు. రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ చేయించి, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో రెటీనా డాక్టర్‌కి త్వరగా చూపించండి. చూపు తగ్గుతుంటే సాధారణంగా విట్రెక్టమీ (ఆ విట్రియస్ జెల్లీని తీసేసే) ఆపరేషన్ చేస్తారు. తర్వాత నీరు ఇంకడానికి నెలలు పట్టొచ్చు, టెన్షన్ పడొద్దు.